అర్థం తెలియకుండా చదివిన ఉత్తరాలు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, లైబ్రరీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. బేతంచెర్లలో నేను చదువుకున్న కాన్వెంటు ఆయమ్మ.

"పాపా, పెద్ద సిస్టరమ్మ పోయిందమ్మా. తెల్లారి టీ తీసుకోని పోతే పలకలే. రేపు మధ్యాన్నం పూడుస్తారంట. నువ్వు వస్తాండావా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేయబోతూ ఆమె మరో మాట అంది.

"ఆ ఉత్తరం అట్లనే ఉండాది పాపా. విప్పనీలే ఎవుర్నీ."

కడపలో నేనుండే గది ముందు మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. రెండు రోజులు ఆగితే ఆదివారం. ఆ ఆదివారం తప్పకుండా వెళ్ళాలని నంద్యాల మీదుగా పోయే బస్సు టైము కూడా కనుక్కుని పెట్టుకున్నాను. అంతకుముందు మూడు ఆదివారాలు కూడా వెళ్ళాలనే అనుకున్నాను. ఆ ఉత్తరం సంగతి చెప్పాలంటే ముందు సిస్టర్ సంగతి చెప్పాలి.

మా బళ్ళో సిస్టర్లు మారుతూ ఉండేవారు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకరు పోయి ఇంకొకరు వచ్చేవారు. ఒక్కరే ఎక్కడికీ పోలేదు. మా అమ్మకు పాఠం చెప్పారు, నాకూ చెప్పారు. అందుకే ఊరంతా ఆమెను పెద్ద సిస్టర్ అనేది. ఆమె పుట్టింది బాల్కన్ దేశాల్లో, ఇమొత్స్కి అనే చిన్న ఊళ్ళో. అది ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. ఆమె పుట్టినప్పుడు ఆ దేశానికి వేరే పేరు. ఏ కాగితం నింపాల్సి వచ్చినా పుట్టిన దేశం అన్నచోట పెన్ను ఆపి, "నేను ఈడనే ఉండాను, దేశం పేరే కదిలిపాయె" అనేవారు.

అవును, ఆమె మాట్లాడింది అచ్చంగా మా తెలుగే. కోస్తా వైపు నుంచి ఎవరైనా పెద్దలు బడి చూడడానికి వస్తే, తెల్లటి ముసలామె నోట "యాడికి పోతాండావు పాపా?" అన్న మాట విని ముసిముసిగా నవ్వేవారు. ఆమె ఏమీ అనుకునేవారు కాదు. "నాకు తెలుగు నేర్పింది పుస్తకాలు కాదు, బండలు కొట్టేవాళ్ళు" అని చెప్పి ఊరుకునేవారు. అది నిజమే. వచ్చిన కొత్తలో సాయంత్రాలు గనుల దగ్గరికి వెళ్ళి, కూలీల పిల్లలకు అక్షరాలు చెప్పి, వాళ్ళ తల్లుల దగ్గర మాటలు నేర్చుకున్నారట.

మొదటిసారి బేతంచెర్ల స్టేషన్‌లో దిగినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్ళు. రైలు దిగి చూస్తే ఎక్కడ చూసినా రాయి. గోడలు రాయి, కప్పు మీద పరిచినవి నాపరాతి బండలు, పొలం గట్టున నిలబెట్టినవీ బండలే. మనుషుల కనుబొమల మీద కూడా తెల్లటి రాతి దుమ్ము. వెంట వచ్చిన సిస్టర్‌ను పట్టుకుని, "రైలు తప్పు ఎక్కినామా? ఇది మా ఊరే" అన్నారట. మా నాన్న పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కనుక ఆ దుమ్ము మా ఇంట్లో అన్నం మీద కూడా ఉండేది. ప్రపంచంలో ఇంకెక్కడో మా ఊరులాంటి ఊరు ఉందని నాకు తెలిసింది ఆమె వల్లే.

ఆమె జాగ్రఫీ చెప్పేవారు. బోర్డు మీద ఎప్పుడూ రెండు పటాలు గీసేవారు, ఎడమవైపు మా మండలం, కుడివైపు వాళ్ళ మండలం. వాళ్ళ భాషలో దాన్ని ఇంకేదో అంటారు, కానీ నడిమధ్య ఒక చిన్న ఊరు, చుట్టూ పల్లెలు, పల్లెల మధ్య ద్రాక్ష, పొగాకు చేలు, చేల గట్టున రాళ్ళు పేర్చిన గోడలు. "ఇది మండలం కాకపోతే ఏంది?" అనేవారు. వాళ్ళ నది కొండ కింద రాతిలోంచి పుట్టి, చేల మధ్య కొంతదూరం పారి, మళ్ళీ రాతిలోకే దూరిపోతుంది. బెలుం గుహలకు తీసుకుపోయినప్పుడు ఆమె లోపల గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. మాకూ ఆనించమన్నారు. మాకేం వినబడలేదు. "నీళ్ళు యాడికీ పోలేదు పాపా, రాయి కింద ఉండాయి" అన్నారు. తర్వాత ఏ ఏడు వానలు పడకపోయినా ఆ మాటే అనేవారు.

ఇమొత్స్కి ఊరి అంచున కొండలో లోతైన గుంత, గుంతలో నీలం రంగు సరస్సు ఉంటుందట. కొన్ని ఏళ్ళు అది అడుగుదాకా ఎండిపోతుంది. అప్పుడు ఊళ్ళో మగవాళ్ళంతా ఆ అడుక్కి దిగి ఫుట్‌బాల్ ఆడతారు. ఈ సంగతి ఆమె కాస్త బెరుగ్గానే చెప్పారు, మేం నమ్మమేమో అన్నట్టు. వెనక బెంచీలోంచి నా స్నేహితురాలు లేచి, "మా చెరువులో మా అన్నోళ్ళు క్రికెట్ ఆడతారు సిస్టర్" అంది. సిస్టర్ చాక్‌పీసు కిందపెట్టి చప్పట్లు కొట్టారు.

ఆ మండలం పల్లెల పేర్లు మాకు కంఠతా వచ్చేశాయి. తొక్కుడుబిళ్ళ ఆడుతూ గడికో పేరు అనేవాళ్ళం, రూనొవిచ్, ప్రోలొజాత్స్, జ్మియావ్‌త్సి అని. ఒకసారి స్కూలు తనిఖీకి వచ్చినాయన మా క్లాసులో ఆగి, "మీ మండలంలో నాలుగు పల్లెల పేర్లు చెప్పండి" అన్నాడు. ఆ వెనక బెంచీ పిల్లే లేచింది. మూడు మా పల్లెలు సరిగ్గా చెప్పింది, నాలుగోది తొందరలో రూనొవిచ్ అనేసింది.

ఆయన కాగితం మీద రాసుకుంటూ, "ఇది యాడొస్తుందమ్మా?" అన్నాడు.

అది తడుముకోకుండా, "కొండల అవతల సార్" అంది.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. సిస్టర్ ఆయన వెనకే నడిచి వెళుతూ మా వైపు తిరిగి చూడలేదు, కానీ భుజాలు కదులుతున్నాయి. మా జిల్లాను రెండుగా చీల్చినప్పుడు మాకంటే ఎక్కువ కోపం తెచ్చుకున్నదీ ఆమే. వాళ్ళ మండలాన్నీ అలాగే ముక్కలు చేశారట. "పల్లెల్ని అడిగినారా? అడగలే" అని కొన్ని రోజులు వరండాలో వచ్చినవాళ్ళందరితో అన్నారు.

మేం క్రైస్తవులమే గానీ వేరే సంఘం. మా జేజికి, అంటే నాన్న వాళ్ళమ్మకు, నన్ను ఆ బడికి పంపడం ఇష్టం లేదు. "చదువు నేర్చుకోనిరా, మరియమ్మ మొక్కు నేర్చుకోనిరావద్దు" అని రోజూ గడప దగ్గర చెప్పి పంపేది. నేను మొక్కూ నేర్చుకోలేదు, మాటా నేర్చుకోలేదు. క్లాసులో పేరు పిలిస్తే జవాబు చెప్పడానికి కూడా గొంతు వచ్చేది కాదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. అలాంటి నన్ను ఎనిమిదో తరగతిలో ఆమె వరండాలోకి పిలిపించారు.

అప్పటికి ఆమె చూపు మందగించింది. పక్కల కనబడేది, నడిమధ్య మసక. ఏ కాగితమైనా చూడబోయిన అక్షరమే కనబడకుండా పోయేది. ఇమొత్స్కిలో ఆమెకు ఒక చెల్లెలుంది. రెండు మూడు నెలలకో ఉత్తరం రాస్తుంది. సిస్టర్ చేతిలో విప్పిన ఉత్తరం ఉంది.

"నువ్వు చదవల్ల పాపా."

"నాకు ఆ భాష రాదు సిస్టర్."

"రాకూడదు. అక్షరాలు ఇంగ్లీషువే, పలకడం నేను నేర్పిస్తా. అర్థం నాకు తెలుసు. నీకెందుకు?"

"నన్నే ఎందుకు సిస్టర్?"

"మాట్లాడే పిల్లలయితే మధ్యమధ్యలో అడుగుతారు, అంటే ఏంది సిస్టర్, అంటే ఏంది సిస్టర్ అని. నువ్వు అడగవు."

నెల రోజులు పలక మీద నేర్పారు. వాళ్ళ అక్షరాల నెత్తిన చిన్న కొక్కేలు, గీతలు ఉంటాయి. ఒక్కోదానికి పక్కన తెలుగు అక్షరం రాయించారు. ఇంగ్లీషుతో కుదరని శబ్దాలు తెలుగుతో చాలావరకు కుదిరాయి. అది ఆమెకు గొప్ప సంతోషం. "చూడు, మీ అక్షరాల్లో మా ఊరు పట్టింది" అనేవారు.

ఉత్తరం వచ్చినప్పుడల్లా సాయంత్రం నాలుగు గంటలకు వరండాలో కూర్చునేవాళ్ళం. ఆమె జేబులో ఒక చిన్న నాపరాయి ముక్క ఉండేది, చేతిలో తిప్పి తిప్పి అంచులు నునుపు తేలింది. నేను మొదటి పేజీ చదివేసి ఆమెకిస్తే ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఆ రాయి పెట్టేవారు. వాళ్ళ ఊళ్ళో బూరా అని ఉత్తరపు గాలి వీస్తుంది. దానికి ఎగిరిపోకుండా ఇంటి పెంకుల మీద రాళ్ళు పెడతారట. రాయి పెట్టాక నా వైపు తల ఊపేవారు. అప్పుడు రెండో పేజీ.

ప్రతి ఉత్తరం ఒకేలా మొదలయ్యేది, ద్రాగా సెస్త్రో అని. ప్రియమైన అక్కా అని అర్థమట. ఆ భాషలో నాకు తెలిసిన మాటలు ఆ రెండే. చదవడం అయ్యాక ఆమె ఒక్క సంగతి మాత్రం నాకు చెప్పేవారు. "ద్రాక్ష కోసినారంట" అనో, "ఎదురింటోళ్ళ పిల్లోడు కూడా జర్మనీకి పాయెనంట. మీ ఊళ్ళల్లో కువైట్, మా ఊళ్ళల్లో జర్మనీ" అనో. "మిగతాది నాది" అని డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చేవారు.

విచిత్రం ఏమిటంటే అక్కడ నా గొంతు వచ్చేది. వరండా దాటి, ఆట స్థలం దాటి వినబడేలా చదివేదాన్ని. అర్థం తెలిసిన మాటలంటేనే నాకు భయం, సిగ్గు. ఈ మాటలు నావి కావు, వీటిలో తప్పు పట్టేవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరే, ఆమె కళ్ళు మూసుకుని నవ్వుతూ వింటున్నారు. ఇవాళ నేను లైబ్రరీ కౌంటర్ దగ్గర నలుగురితో మాట్లాడగలుగుతున్నానంటే దాని మొదలు ఆ వరండాలోనే ఉంది.

ఇంటర్ రెండో ఏడు, దసరా సెలవులు. ఉత్తరం వచ్చిందని ఆయమ్మ కబురు పెట్టింది. కవరు మీద చేతిరాత వేరుగా ఉంది. నేను పట్టించుకోలేదు. విప్పాను. ద్రాగా సెస్త్రో అని లేదు, ద్రాగా తేతో అని ఉంది. కొత్త మాట వచ్చిందని నాకు హుషారు పుట్టింది. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మూడో వరుసలో ఒక మాట దగ్గర నాలుక తడబడింది. మధ్యలో అచ్చే లేదు. "ఉమృలా" అన్నాను. సరిగా పలికానో లేదోనని ఆగి, "ఉమృలా, అంతేనా సిస్టర్?" అని మళ్ళీ పలికాను.

"అంతే పాపా. సరిగ్గానే చదివినావు. చివరిదాకా చదువు."

చివరిదాకా చదివాను. ఒకటే పేజీ. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని మీద రాయి పెట్టారు. రెండో పేజీ లేకపోయినా తల ఊపారు. బిస్కెట్ డబ్బా మూత కోసం చెయ్యి చాలాసేపు తడిమింది. నేనే తీసి ఇచ్చాను. ఆ రోజు ఏ సంగతీ చెప్పలేదు. నేనూ అడగలేదు, అలవాటు ప్రకారం.

మర్నాడు పుస్తకం ఇవ్వడానికి వెళితే గేటు దగ్గర ఆయమ్మ ఆపింది.

"నిన్న సదివింది నువ్వే కదమ్మే?"

"నేనే. ఎందుకు?"

"సిస్టరమ్మ చెల్లెలు పోయిందంట కదా. చెల్లెలి బిడ్డ రాసిందంట. పొద్దున ప్రార్థనలో చెప్పినారు. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఉమృలా అంటే పోయిందని. ఆ మాటను నేను రెండుసార్లు అన్నాను, గట్టిగా, ఆటస్థలం అవతలికి వినబడేలా, సరిగా పలికానా అని అడిగి మరీ అన్నాను. వరండాలోకి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. అడుగుల చప్పుడుతోనే నన్ను గుర్తుపట్టేవారు.

"ఆయమ్మ చెప్పిందా?" అన్నారు. "ఈడ కూర్చో. నీకు తెలిసి చదివింటే నీ గొంతు మారిపోయేది పాపా. చెల్లెలు పోయిందని నీ గొంతు నాకు ముందే చెప్పేసేది. నువ్వేమీ తెలీకుండా చదివినావు. మా ఊరి మాట మా ఊరినుంచి నేరుగా నాకాడికి వచ్చింది. మధ్యలో ఎవురూ ఏడవలే."

జేబులోని రాయి తీసి చేతిలో తిప్పుతూ, "అర్థం నేర్చుకోవద్దు" అన్నారు.

తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. చెల్లెలి కూతురు ఇంకేమీ రాయలేదు. మేం పాతవే మళ్ళీ చదువుకున్నాం. ద్రాక్ష కోసిన ఉత్తరం, సరస్సు ఎండిన ఉత్తరం. నేను కర్నూలులో డిగ్రీలో చేరాక సెలవులకు వచ్చి చదివేదాన్ని. కడపలో ఉద్యోగం వచ్చాక రాకపోకలు తగ్గిపోయాయి. పండక్కి ఇంటికి వెళ్ళినా ఒక గంట కూర్చుని వచ్చేసేదాన్ని. "మళ్ళీ ఎప్పుడు?" అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ మధ్య, ఆమె పోవడానికి మూడు వారాల ముందు, కాన్వెంటును చూసుకునే ఇప్పటి మదర్ ఫోన్ చేశారు. ఇన్నేళ్ళకు ఇమొత్స్కి నుంచి ఉత్తరం వచ్చింది. "ఫోన్‌లో ఫోటో తీస్తే తెలుగులోకి మార్చేస్తుంది, మేమే చదివి వినిపిస్తాం అన్నాం. పెద్ద సిస్టర్ ఒప్పుకోవట్లేదు. నువ్వే రావాలట" అన్నారు.

ఈ ఆదివారం వస్తానన్నాను.

వెళ్ళలేదు. లైబ్రరీలో పుస్తకాల లెక్క చూస్తున్నారు, ఆదివారం కూడా పని ఉందన్నాను. రెండో ఆదివారం జ్వరం అన్నాను. మూడో ఆదివారానికి ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. పని ఉన్నది నిజమే, ఒళ్ళు వెచ్చబడిందీ నిజమే. అసలు కారణం అది కాదు. ఆ భాషలో నాకు తెలిసిన మాటలు ఇప్పుడు రెండు కాదు, మూడు. ఆ మూడో మాట మళ్ళీ వస్తే? ఇమొత్స్కిలో ఆమెకంటూ ఇంకెవరు మిగిలారో నాకు తెలియదు. కాగితం విప్పగానే నా కళ్ళు ఆ మాట కోసమే వెతుకుతాయి. కనబడితే నా గొంతు మారిపోతుంది. ఆమె నన్ను ఏ పనికి ఎంచుకున్నారో, ఆ పనికి ఇక నేను పనికిరాను. ఈ సంగతి వెళ్ళి చెప్పినా సరిపోయేది. అదీ చెప్పలేదు.

శనివారం వెళ్ళాను. గేటు దగ్గర ఆయమ్మ నన్ను చూసి ఏడవలేదు, కోప్పడింది.

"యాడికి పోయినావమ్మే ఇన్ని దినాలు? దినామూ నాలుగు గంటలకు కుర్చీ ఏపిచ్చుకోని కూర్చునేది, ఒళ్ళో ఉత్తరం, దానిమింద రాయి. చీకటి పడతాంది లోపలికి రా సిస్టరమ్మా అంటే, బస్సు ఆలస్యమేమో ఆయమ్మా, ఇంకొంచేపు సూద్దాం అనేది."

తల వంచుకుని లోపలికి నడిచాను.

కాన్వెంటు ఆవరణలోనే పూడ్చారు. పూడ్చేటప్పుడు గనుల్లోంచి, పాలిష్ ఫ్యాక్టరీల్లోంచి జనం పని మధ్యలో అలాగే వచ్చారు, చేతుల మీద తెల్ల దుమ్ముతో. జేజి కూడా వచ్చింది. మొదట గేటు బయటే నిలబడింది. పాట మొదలయ్యాక నెమ్మదిగా లోపలికి వచ్చి నా పక్కన చేరింది. అది మరియమ్మ పాట. జేజికి మాటలు రావు. అయినా పెదాలు కదుపుతూనే ఉంది. అంతా అయ్యాక నాన్న సమాధి పక్కన వంగి, పైన పరిచే బండ కోసం దారంతో కొలత తీసుకున్నాడు. "ఈ బండకు పాలిష్ నేనే పెడతా, మిషన్ మింద కాదు, చేత్తో" అన్నాడు, ఎవరితోనో కాదు, దారంతోనే అన్నట్టు.

జనం వెళ్ళాక మదర్ నన్ను పిలిచి ఒక కవరు, ఒక రాయి చేతిలో పెట్టారు. "వీటిని ఏం చేయాలో మాకు తెలియలేదు" అన్నారు. కవరు అంచులు చేతి చెమటకు మెత్తబడి ఉన్నాయి. నా సంచిలో ఫోన్ ఉంది. ఒక్క ఫోటో తీస్తే అందులో ఏముందో తెలిసిపోతుంది. తీయలేదు.

నాలుగు కావస్తోంది. సమాధి దగ్గరికి వెళ్ళి మట్టి పక్కన కూర్చున్నాను. కవరు విప్పాను. రెండు పేజీలు. ద్రాగా తేతో. చెల్లెలు పోయినప్పటి ఉత్తరంలో ఉన్నట్టే. అంటే చెల్లెలి కూతురు ఉంది, రాసింది. కళ్ళు కిందికి పరుగెత్తబోయాయి. వేలు పెట్టి ఆపి, మొదటి వరుస నుంచి ఒక్కో మాటా చదివాను, వరండా దాటి వినబడేలా, ఆమె నేర్పినట్టే. అవతల దండెం మీది బట్టలు తీస్తున్న ఆయమ్మ ఆగి నిలబడింది. ఒకచోట ప్రోలొజాత్స్ అని వచ్చింది, తొక్కుడుబిళ్ళలోని రెండో గడి. ఒకచోట అర్థం తెలియని పొడుగాటి వాక్యం వచ్చింది, ఊపిరి చాలక మధ్యలో ఆగాను. పేజీ చివరికి వచ్చాను. ఆ మాట రాలేదు. ఇంకో పేజీ ఉంది.

గాలి లేచింది. మొదటి పేజీని తడి మట్టి మీద పెట్టి, దాని మీద రాయి పెట్టాను. కాసేపు ఆగాను, ఆమె తల ఊపేంత సేపు. రెండో పేజీ మొదలుపెట్టాను.